ఎనిమిది పాటలూ పదకొండు పాటలూ

చిన్నా,

నిన్ను మ్యూజిక్ షెడ్యూలింగ్‌లో, అంటే ఏ పాట ఎప్పుడు రావాలో వరస పెట్టే పనిలో, వేశారని తెలిసింది. మంచిదే. పేరు ఆర్జేకి వస్తుంది గానీ, స్టేషన్ ఎలా బతుకుతుందో అర్థమయ్యేది ఆ బల్ల దగ్గరే. హైదరాబాద్‌లో ఇన్ని ఎఫ్ఎంలుండీ అన్నీ అవే పాటలు ఎందుకేస్తాయని అడిగావు. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

పాటల మధ్య ప్రకటనలు పెట్టి రేడియో నడపడం మనవాళ్ళు శ్రీలంక నుంచి వచ్చే రేడియో సిలోన్‌లో విన్నారు. 1952లో ఆకాశవాణి సినిమా పాటను దూరం పెట్టేసరికి శ్రోతలంతా అటు మళ్ళారు. తెలుగు పాటల కోసం కూడా షార్ట్‌వేవ్‌లో గరగరల మధ్య చెవులు రిక్కించుకుని సిలోన్ వినేవాళ్ళు. ఆకాశవాణి తేరుకుని వివిధభారతి పెట్టింది 1957 అక్టోబర్ 3న. అందులో ప్రకటనలు రావడానికి మరో పదేళ్ళు పట్టింది: 1967 నవంబర్ 1న బొంబాయి, పుణే, నాగపూర్‌లలో మొదలయ్యాయి.

ప్రైవేటు ఎఫ్ఎంకి దారి తీసింది 1995లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు. గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వం ఒక్కదాని సొత్తు కాదంది. 1999లో మొదటి విడత విధానం వచ్చింది. అందులో లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేది. నువ్వే లెక్క వేసి చూడు: మొదటి ఏడాది 100 కడితే పదో ఏడాదికి 352 కట్టాలి. ప్రకటనల రాబడి అలా పెరుగుతుందా? వేలం పాడినవాళ్ళలో చాలామంది మొదలుపెట్టకుండానే తప్పుకున్నారు. 2005లో రెండో విడతలో పద్ధతి మార్చారు. ప్రవేశ రుసుము ఒక్కసారే, ఆపైన ఏటా ఆదాయంలో 4 శాతం (దానికీ ఒక కనీస మొత్తం ఉంది). హైదరాబాద్‌లో 2006లో ప్రైవేటు ఎఫ్ఎం మొదలైంది ఈ పద్ధతి వల్లే. నీకు తెలిసిన 91.1 రేడియో సిటీ, 98.3 మిర్చి అప్పటివే.

ఇప్పుడు నీ ప్రశ్నకొద్దాం. ఆ విధానంలో ఒక కంపెనీకి ఒక ఊళ్ళో ఒకే ఛానెల్. వార్తలు చదవకూడదు. ఉన్న ఆ ఒక్క ఛానెల్‌తో ఎవరైనా ఎక్కువమంది వినే కొత్త సినిమా పాటలవైపే పోతారు కదా. పాతపాటలకో, భక్తిపాటలకో ఛానెల్ కేటాయించే ధైర్యం ఎవరికుంటుంది? పైగా శ్రోతలను లెక్కపెట్టే ర్యామ్ సర్వే ముంబయి, ఢిల్లీ, బెంగళూరు, కోల్‌కతాల్లోనే జరిగింది, మన ఊళ్ళో లేదు. వేరుగా ఏదైనా చేసినా అది నెగ్గిందని ప్రకటనదారుడికి చూపించడానికి అంకె లేదు. 2011 విధానంలో ఒకే కంపెనీకి ఒక ఊళ్ళో ఒకటికి మించి ఛానెళ్ళు ఉండొచ్చన్నారు, 2015లో వేలాలు జరిగాయి. రెండో ఛానెల్ దొరికినవాళ్ళే కాస్త వేరే దారి పట్టగలిగారు. వార్తల విషయంలో మాత్రం ఆకాశవాణి బులెటిన్‌ను ఉన్నదున్నట్టు వినిపించడం తప్ప ఇంకేమీ లేదు. నాకైతే ఆ నియమం ఇప్పటికీ అర్థం కాదు. ఊళ్ళో నీళ్ళు రావని చెప్పొచ్చట, అవి ఎందుకు రావో ఆరా తీసి చెప్పకూడదట.

సరే, నీ బల్ల మీదికి వద్దాం.

గంటకి 3600 సెకన్లు. పాట సగటున నాలుగు నిమిషాలనుకో. పది పాటలకి 40 నిమిషాలు పోతే 20 మిగులుతాయి. ప్రకటనలకి 12, ఆర్జే మాటలకి 6, జింగిల్స్‌కీ స్టేషన్ పేరుకీ 2. ఆర్జే ఒక్కో లింకులో (పాటకీ పాటకీ మధ్య మాటలో) 20 సెకన్లు ఎక్కువ మాట్లాడాడంటే, తొమ్మిది లింకులకి మూడు నిమిషాలు. చివరి పాట ఎగిరిపోతుంది, లేదా ప్రకటన తర్వాతి గంటలోకి జారుతుంది. డబ్బు కట్టి తొమ్మిదింటి స్లాటు కొన్నవాడి స్పాటు పదింటికి పడితే బిల్లు నిలబడదు, ఉచితంగా మళ్ళీ వేయాలి. అందుకని ప్రతి గంట చివర ఒక పూరకం పాట ఉంచుకో. ఎక్కడ కోసినా అతుకు తెలియనిది.

అందరూ చేసే తప్పు ఒకటి చెప్తా. కొత్త హిట్లు ఎనిమిది, గంటకి రెండు చొప్పున తిప్పుతావనుకో. రోజుకి 48 చోట్లు. 48ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది. అంటే పొద్దున ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్ళేవాడికి ప్రతిరోజూ అదే పాట తగులుతుంది. నాలుగో రోజుకి వాడు ఛానెల్ మారుస్తాడు. నువ్వేమో పాట బాలేదేమోనని తీసేస్తావు. తప్పు పాటది కాదు. అవే పాటలు 11 చేసి చూడు: 48లో 11 నాలుగుసార్లు పోయి 4 మిగులుతుంది, రోజూ వరస జరుగుతుంది, అదే పాట అదే చోటికి రావాలంటే పదకొండు రోజులు పడుతుంది. 7 అయినా జరుగుతుంది గానీ మూడున్నర గంటలకే మళ్ళీ వస్తుంది, స్టూడియోలో కూర్చున్నవాళ్ళకే విసుగు పుడుతుంది. 6, 8, 12 మాత్రం ఎప్పుడూ పెట్టకు. సాఫ్ట్‌వేర్ ఇలాంటివి దానంతటదే చూసుకుంటుందని నమ్మొద్దు. నియమం నువ్వు పెడితేనే అది పాటిస్తుంది.

పాటల ఫైళ్ళ దగ్గర జాగ్రత్త. ఎవరో ఫోన్‌లో పంపిన తక్కువ నాణ్యత ఎంపీ3 హెడ్‌ఫోన్‌లో బాగానే ఉంటుంది. ఎఫ్ఎంలో పంపేముందు పై స్థాయి (హై ఫ్రీక్వెన్సీ) శబ్దాలను పెంచుతారు. దానికి తోడు, ప్రసారానికి ముందు శబ్దాన్ని సరిచేసే ప్రాసెసర్ చిన్న శబ్దాలను కూడా పైకి లాగుతుంది. ఫైల్లో దాగిన బుసబుసలు, తాళాల మీది చిటపటలు అప్పుడు బయటపడతాయి. ఆర్జే పలికే స, ష కూడా కోసుకుపోయేది అందుకే. పాత పాటల డిజిటల్ కాపీల్లో ఇంకో చిక్కుంది: ఎడమ కుడి ఛానెళ్ళు ఒకదానికొకటి ఎదురు ఫేజ్‌లో ఉంటే (ఒకదాని అల పైకి లేచినప్పుడు రెండోదాని అల కిందికి దిగుతుంటే), స్టీరియోలో వింతగా వెడల్పుగా వినిపిస్తుంది, మోనో సెట్టులో గాయకుడి గొంతు మాయమైపోతుంది. ప్రతి కొత్త ఫైలునూ ఒకసారి మోనో బటన్ నొక్కి విను. పది సెకన్ల పని.

రాయల్టీ సంగతి నీ లాగ్‌తో (ఏ పాట ఎప్పుడు మోగిందో రాసే చిట్టాతో) ముడిపడి ఉంది. 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం అని తేల్చింది, ఆ లెక్క 2020 దాకా నడిచింది. అంతకుముందు ‘నీడిల్ అవర్’ లెక్కన కట్టేవాళ్ళు, అంటే పాట నిజంగా మోగిన నిమిషాలు కూడి గంటలుగా లెక్కగట్టడం. గ్రామఫోన్ ముల్లు పోయి ఎన్నేళ్ళయిందో, పేరు మాత్రం మిగిలింది. 2012లో కాపీరైట్ చట్టంలో, నిర్ణయించిన రాయల్టీ కట్టి పాటలు ప్రసారం చేసుకోవడానికి వీలిచ్చే 31డి సెక్షన్ చేరింది. పాట కుదించడం వరకు పర్వాలేదు, అంతకుమించి మార్పులు చేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. పాటతో పాటు రచయిత పేరు, ముఖ్య కళాకారుల పేర్లు చెప్పాలని కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. ఆర్జేలు హీరో పేరు చెప్పి ఊరుకుంటారు. ప్రతి పాట కార్డు మీద రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు ఈ మూడు వరసలూ ఖాళీ లేకుండా నింపు. సినిమా పేరు నాలుగోది.

ప్రసారమైనదంతా రికార్డయి దాచి ఉంచాలి, ఎవరైనా ఫిర్యాదు చేస్తే అదే సాక్ష్యం. ఆ రికార్డరు నడుస్తోందా లేదా అన్నది రోజూ నువ్వే చూడు. డిస్కు నిండి ఆగిపోయిన సంగతి సాధారణంగా ఫిర్యాదు వచ్చిన రోజే తెలుస్తుంది.

మొదటి వారం అయ్యాక షెడ్యూలు ఒక కాపీ, నిజంగా ఏం ప్రసారమైందో లాగ్ ఒక కాపీ పంపు. రెండూ పక్కపక్కన పెట్టి ఎక్కడెక్కడ జారిందో ఎర్రసిరాతో గుర్తుపెట్టి పంపుతాను. వేళకి తిను.

అమ్మ