గది శుభ్రం చేసే మనిషికి ఏమైనా ఇవ్వాలా అని అడిగిన అమ్మాయికి

పద్మారావు నగర్,
సికింద్రాబాదు.

చిరంజీవి స్రవంతిని అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం.

ఆదివారం ఫోనులో నువ్వు అడిగినదానికి ఆ పూటకు "ఇవ్వు బిడ్డా" అని ఒక్క మాటలో తేల్చేశాను గానీ, తర్వాత రెండు రోజులు ఆ జవాబు నాకే చాలలేదు. ఆఫీసు పని మీద వేరే ఊరు వెళ్ళి హోటల్లో దిగినప్పుడు గది శుభ్రం చేసే మనిషికి డబ్బు పెట్టాలా, అక్కరలేదా అని మీలో మీకు వాదన జరిగిందనీ, జీతం ఇవ్వవలసినది యజమాని గనుక మనం ఇచ్చామంటే ఆయన బరువు మన నెత్తికి ఎత్తుకున్నట్టేనని ఒకాయన గట్టిగా అన్నాడనీ, దానికి నీకు ఏమనడానికీ తోచలేదనీ చెప్పావు. ఇరవై రెండేళ్ళు హౌస్‌కీపింగ్‌లో చేసినదాని కూతురివి, నీకు తోచకపోవడమేమిటని నాకు నవ్వొచ్చింది. తప్పు నాదే, ఇంటికి వచ్చాక హోటలు మాట ఎత్తనిచ్చేదాన్ని కాదు.

ముందుగా, ఆయన అన్నదాంట్లో నిజం లేకపోలేదు. నాకు ఖాళీ దొరికాక చదివిన వాటిలో మీ అమెరికా రైళ్ళ సంగతి ఒకటి మనసులో నిలిచిపోయింది. అక్కడ అంతర్యుద్ధం ముగిశాక జార్జ్ పుల్‌మన్ అనే ఆయన పడకలున్న రైలు బోగీలు నడుపుతూ, బానిసత్వం నుంచి అప్పుడే బయటపడిన నల్లజాతివారిని పోర్టర్లుగా పెట్టుకున్నాడు. జీతం కొద్దిగా విదిల్చి, మిగిలినదంతా ప్రయాణికుల దయ మీద వదిలేశాడు. ప్రయాణికులు వాళ్ళ పేర్లు కూడా అడగకుండా, యజమాని పేరు పట్టుకొని అందరినీ 'జార్జ్' అనే పిలిచేవారట. ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన సంఘం కట్టి, పన్నెండేళ్ళు పట్టువదలక పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం రాయించుకున్నారు. వాళ్ళు అడిగినది జీతం పెంచమనీ, పని గంటలు తగ్గించమనీ. బక్షీసు పెంచమని ఎవరూ అడగలేదు.

ఇది చదివినప్పుడు నాకు మా తాతగారి ఊళ్ళో కళ్ళం గుర్తొచ్చింది. పంట నూర్చిన రోజున బట్టలు ఉతికినవారికీ, క్షవరం చేసినవారికీ, నాగలి చెక్కినవారికీ ధాన్యం ఇంటికి చేరకముందే కళ్ళంలోనే మేర, అంటే వాళ్ళ పనికి రావలసిన వాటా, కొలిచేవారు. కొలత తగ్గితే వాళ్ళు నిలబడి అడిగేవారు; తాతగారు గొణుక్కుంటూనైనా ఇంకో కుంచం పోయించేవారు. దొర సంతోషపడి చేతిలో పెట్టే ఇనాం సంగతి వేరు, అది తక్కువైందని ఎవరూ నోరెత్తలేరు. ఆ రోజులు మంచివని నేననడం లేదు సుమా, వెట్టి చాకిరీ కూడా ఆ ఊళ్ళదే. కానీ మేరకూ ఇనాముకూ తేడా పనిచేసేవాళ్ళకు బాగా తెలుసు. మన మాటల్లో 'మామూలు' అన్నది ఈ రెంటికీ మధ్య ఎక్కడో వేలాడుతుంటుంది. దసరాకు మన వీధి ఊడ్చే ఆమె వచ్చి అడిగేదీ మామూలే, తోపుడు బండివాడి దగ్గర దబాయించి గుంజుకునేదీ మామూలే; ఎంత వింత మాటో చూడు.

అందుచేత, జీతం యజమానే సరిగా ఇవ్వాలన్న, మీతో వాదించిన ఆయన మాటకు నేను అడ్డు చెప్పను. ఆ జీతం వచ్చేదాకా నీ పర్సు మూసుకో అంటేనే ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

మీ టెక్సాస్‌లో టిప్పులు వచ్చే పనివారికి యజమాని గంటకు 2.13 డాలర్లు ఇస్తే చాలు, టిప్పులు కలిపి 7.25 డాలర్లకు చేరకపోతే తేడా ఆయన నింపాలి. మొదటి అంకె 1991 నుంచీ, రెండోది 2009 నుంచీ కదలలేదు. ఈ లెక్క తెలుసు గనుకనే మీరందరూ భోజనం బల్ల దగ్గర నూటికి పద్దెనిమిదో ఇరవయ్యో మారుమాట్లాడకుండా రాసి వస్తారు. గది శుభ్రం చేసేవారు సాధారణంగా ఈ 2.13 లెక్కలోకి రారు, వాళ్ళది మామూలు గంట జీతం. అందుకని వాళ్ళకు అక్కరలేదని మీతో వాదించిన ఆయన అనవచ్చు. నేను అనేది వేరు. వెయిటరు నీ ఎదురుగా నిలబడతాడు, పెట్టె మోసిన కుర్రాడు తలుపు దగ్గర ఒక క్షణం ఆగుతాడు, కారు తెచ్చినవాడు తాళం చేతికిస్తాడు. మాది నువ్వు లేనప్పుడు వచ్చి, నువ్వు వచ్చేలోగా వెళ్ళిపోయే పని. నీకు మేము కనిపించామంటే మా సూపర్‌వైజరు దృష్టిలో ఏదో ఆలస్యం జరిగినట్టే. ఇచ్చే చేయి ఎప్పుడూ ఎదురుగా ఉన్న చేతినే వెతుక్కుంటుంది బిడ్డా; ఇరవై రెండేళ్ళూ నేను దాన్ని చూస్తూనే ఉన్నాను.

పని ఎంతో కూడా నీకెప్పుడూ చెప్పలేదు. నేను చేరినప్పుడు మనిషికి పూటకు 14 గదులు. అతిథి ఉన్న గదికి ఇరవై నిమిషాలు, ఖాళీ చేసిన గదికి నలభై. దుప్పటి నాలుగు మూలలా పరుపు ఎత్తి లోపలికి దోపాలి, అంటే ఒక్కో మంచానికి నాలుగు సార్లు చొప్పున పొద్దుటి నుంచి సాయంత్రానికి యాభై ఆరు సార్లు ఆ బరువు ఎత్తాలి. జంట మంచాల గదులు పడిన రోజు ఇంకా ఎక్కువ. బాత్రూము అద్దం మీద ఒక్క నీటి చుక్క మరక ఉన్నా సూపర్‌వైజరు వెనక్కి పిలుస్తుంది (తర్వాత పదేళ్ళు అలా పిలిచింది నేనే). రాత్రి పడుకోబోయే ముందు నేను గోడకు వీపు ఆనించి ఎందుకు నిలబడేదాన్నో నీకు ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇక డబ్బు ఎలా పెట్టాలన్నది. ఎంత పెట్టాలన్నదానికన్నా ఇదే ముఖ్యమని నేను ఎందుకు అనుకుంటానో ఒక సంగతి చెబితే తెలుస్తుంది. నేను సూపర్‌వైజరునైన కొత్తలో నా ఫ్లోరులో నల్గొండ వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు ఉండేవాడు. ఒక గదిలో భార్యాభర్తలు దిగారు. మొదటి రోజు టెలిఫోను కింద ఐదువందల నోటు ఉంటే వాడు ముట్టుకోలేదు. రెండో రోజు అదే నోటు దిండు మీద, మడత విప్పి పరిచి ఉంది. తన కోసమే అనుకొని తీసుకున్నాడు. సాయంత్రం భర్త కిందికి దిగి, గదిలో డబ్బు పోయిందని రిసెప్షనులో గొంతు పెంచాడు. కుర్రాణ్ణి సెక్యూరిటీ గదిలో మూడు గంటలు కూర్చోబెట్టారు. జేబులు బోర్లించారు, బూట్లు విప్పించారు, లాకరులో ఉన్న వాడి టిఫిను డబ్బా మూత కూడా తీసి చూశారు. తీసుకున్నానని వాడు మొదటే చెప్పాడు. తీసుకున్నానన్నదే వాళ్ళకు వినిపించింది, నాకోసం పెట్టారనుకున్నానన్నది వినిపించలేదు. రాత్రి తొమ్మిదింటికి ఆవిడ లాడ్ బజారు నుంచి గాజుల సంచులతో తిరిగొచ్చి, ఆ నోటు తానే ఆ అబ్బాయి కోసం పెట్టానని చెప్పింది. మేనేజరుకు క్షమాపణ చెప్పి లిఫ్టు ఎక్కింది. బూట్లు తొడుక్కుంటున్న వాడివైపు ఎవరూ చూడలేదు, నేనూ చూడలేదు. ఆ తర్వాత వాడు నా దగ్గర పనిచేసినన్నాళ్ళూ, గదిలో పది రూపాయలు కనిపించినా నన్ను పిలిచి చూపించందే ముట్టలేదు.

కాబట్టి చీటీ లేకుండా డబ్బు పెట్టకు. హోటలు కాగితం మీదే "ఇది గది శుభ్రం చేసినవారికి, కృతజ్ఞతలు" అని ఒక ముక్క ఇంగ్లీషులో రాసి, తేదీ వేసి, దిండు మీద పెట్టు. మీ వైపు ఈ పనిలో స్పానిష్ మాట్లాడేవారు చాలామంది ఉంటారంటావు గనుక కింద 'గ్రాసియాస్' అని కూడా రాయి. వెళ్ళే రోజున మొత్తం ఒకేసారి పెట్టవద్దు. నాలుగు రోజులుంటే నాలుగు పొద్దులూ పెట్టు, ఎందుకంటే డ్యూటీలు మారతాయి; మూడు రోజులు నీ తలవెంట్రుకలు ఏరినామెకు నాలుగో రోజు వీక్లీ ఆఫ్ కావచ్చు, ఆ డబ్బు మరొకరికి పోతుంది. అక్కడి హోటళ్ళ సంఘం రాత్రికి ఒకటి నుంచి ఐదు డాలర్లని సూచిస్తుంది. నా మాటగా మూడుకు తగ్గకు. జేబులో మిగిలిన నాణేలు బల్ల మీద గుమ్మరించి పోకు, అది ఇచ్చినట్టు ఉండదు, దులుపుకున్నట్టు ఉంటుంది. సగం వాడిన సబ్బులు, విప్పిన బిస్కెట్ల పొట్లాలు, బరువైందని వదిలేసే చెప్పులు కూడా బక్షీసు కిందకు రావు. మా హోటల్లో అలాంటిది ఏదైనా ఇంటికి పట్టుకెళ్ళాలంటే గేట్ పాస్ రాయించి, స్టాఫ్ గేటు దగ్గర సంచి విప్పి చూపించాలి. ఆ చిన్నతనం కన్నా చెత్తబుట్టే నయమని చాలామంది వదిలేసేవారు.

2014లో మారియట్ వాళ్ళు అమెరికాలోనూ కెనడాలోనూ గదుల్లో దీనికోసమే కవర్లు పెట్టించారు. అంత పెద్ద సంస్థ తాను జీతం పెంచక మమ్మల్ని అడగడమేమిటని చాలామంది మండిపడ్డారు. వాళ్ళ కోపం న్యాయమే. అయినా ఆ వార్త చదివినప్పుడు నాకు మాత్రం బూట్లు విప్పిన ఆ కుర్రాడే కళ్ళముందు మెదిలాడు. ఆ రోజు దిండు మీద ఒక కవరు ఉండి ఉంటే చాలు.

ఇంకొకటి, నీలాంటి మంచి మనసున్నవాళ్ళు తెలియక చేసే పొరపాటు. "పాపం ఎందుకు శ్రమ" అని రోజూ గది శుభ్రం చేయవద్దని బోర్డు తగిలిస్తావని చెప్పావు. నీళ్ళు ఆదా అవుతాయి, నిజమే. కానీ నాలుగు రోజుల తడి తువ్వాళ్ళు, నిండిన బుట్టలు, సింకులో అట్టకట్టిన పేస్టు అన్నీ చివరి రోజున ఒక్కరి మీద పడతాయి. ఆ గదికి వాళ్ళకిచ్చే నిమిషాలు మాత్రం పెరగవు. పైగా చేయవలసిన గదులు తగ్గితే పిలిచే మనుషులూ తగ్గుతారు. 2024 సెప్టెంబరులో అమెరికాలో దాదాపు పదివేల మంది హోటలు కార్మికులు సమ్మెకు దిగినప్పుడు, కోవిడ్ తర్వాత ఆగిపోయిన రోజువారీ శుభ్రం మళ్ళీ మొదలుపెట్టాలన్నది వాళ్ళ డిమాండ్లలో ఒకటి. పని ఎక్కువ ఇవ్వమని సమ్మె చేస్తారా అని ఇక్కడ మీ నాన్నగారు ఆశ్చర్యపోయారు, నాకు మాత్రం ఆశ్చర్యమేమీ అనిపించలేదు. బోర్డు తగిలించక తప్పదనుకుంటే, వెళ్ళే రోజున రోజుల లెక్కన మొత్తం పెట్టి వెళ్ళు.

ఇక్కడికి వచ్చినప్పుడు సంగతి. మన ఊళ్ళో బిల్లు ఫోల్డరులో సోంపు పక్కన ఇరవై వదిలే అలవాటు ఫోను చెల్లింపులు వచ్చాక పలచబడింది. అందరూ కోడ్ స్కాన్ చేసి లేచిపోతున్నారు, జేబులో నోటు ఉండటం లేదు. బిల్లులో సర్వీసు ఛార్జీ వేశారు కదా అంటావేమో. దాన్ని బిల్లులో తమంతట తాము కలపరాదని 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. కనుక తీసేయమని అడిగే హక్కు నీకుంది. అడుగు, కానీ అలా మిగిలిన డబ్బులో కొంత వడ్డించినవాడి చేతిలో పెట్టు. హోటలు గదికి మన దగ్గర రోజుకు యాభైకి తగ్గకుండా, పెద్ద హోటలైతే నూటికి తగ్గకుండా పెట్టు. ఇప్పుడు చాలాచోట్ల హౌస్‌కీపింగు కాంట్రాక్టు మనుషులది. బయట బోర్డు మీద ఉన్న పేరు వాళ్ళ జీతం చీటీ మీద ఉండదు.

పోయిన నెల శంషాబాదులో మీ పెద్దనాన్నగారి మనవరాలి పెళ్ళికి మగపెళ్ళివారు మాకు హోటల్లో గది ఇచ్చారు. పొద్దున లేవగానే, వద్దనుకుంటూనే దుప్పటి లాగి మూలలు మడిచి దోపేశాను. మీ నాన్నగారు పళ్ళు తోముకుంటూ చూసి నవ్వారు. పది దాటాక ఒక అమ్మాయి ట్రాలీ తోసుకుంటూ వచ్చి, మంచం దగ్గరికి వెళ్ళి, ఆ మూలను వేలితో తడిమి, "ఏ హోటల్లో చేసినరమ్మా?" అని అడిగింది. చెప్పాను. నూరు రూపాయలిస్తే చేయి వెనక్కి పెట్టుకుంది, మీ దగ్గర తీసుకోనంది. నేను కూడా ఒకప్పుడు తీసుకున్నదాన్నేనని చెప్పి, చీటీతో పాటు ఆమె ఏప్రన్ జేబులో పెట్టాను. మధ్యాహ్నం భోజనాల నుంచి తిరిగి వచ్చేసరికి కెటిల్ పక్కన టీ పొట్లాలు రెండుకు బదులు ఎనిమిది ఉన్నాయి.

ఇట్లు,
మీ అమ్మ