పసుపు చున్నీ

సామర్లకోట,
ఆదివారం రాత్రి

చిన్నీ,

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ నాన్నగారి మోకాలు అలాగే ఉంది, డాక్టరు మాట వినకపోవడమూ అలాగే ఉంది. ఫోన్‌లో మెసేజ్ పెడితే నీలం గీతలు పడుతున్నాయి గానీ జవాబు రావట్లేదు. పదకొండు రోజులైంది. నేనేమీ లెక్కపెట్టలేదు, క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే పడి కనిపిస్తోంది. అందుకని కాగితం మీద రాసి, బుజ్జిగాడి చేత ఫోటో తీయించి పంపిస్తున్నా. ఉత్తరమైతే చివరిదాకా చదువుతావు కదా అని.

ప్రత్యేకంగా చెప్పాల్సిందేమీ లేదు. అక్కడ బ్రెజిల్‌లో మీ ఓనరమ్మ చూస్తుందన్నావే, 'పశువుల రాజు' అనే పాత సీరియల్, అందులో పల్లెటూరి ఇల్లాలి వేషం వేసినావిడ సంగతి చెప్పావు. రాసేది బెటె, పలికేది బేచి అని నన్ను సరిదిద్దావు కూడా. ఆ బేచి మెండిస్ గురించి తీరిగ్గా చదివాను. సీరియళ్ళ పిచ్చి ఎలాగూ ఉంది, పైగా ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన నోరు.

ఆవిడ 1949లో శాంతోస్ రేవు పట్నంలో పుట్టింది. 1968లో తూపీ టీవీలో ఒక చెప్పుల షాపు కుర్రాడు కోటీశ్వరుడినని అందర్నీ నమ్మించే సీరియల్ మొదలైంది. మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడతారని జనం ఎగబడి చూశారట. దాంతోనే ఈ పిల్లకి పేరొచ్చింది. 1964 నుంచీ అక్కడ సైన్యం పాలన కదా. షూటింగులు చేస్తూనే చాటుగా ఒక విప్లవ సంఘంలో చేరింది. 1970లో పట్టుకుపోయారు. అప్పటికి 21 ఏళ్ళు, నీకంటే ఆరేళ్ళు చిన్న. తర్వాత ప్రెసిడెంటైన దిల్మా రూసెఫ్‌దీ అదే సంఘం, జైలుకెళ్ళిందీ అదే ఏడాది. లోపల ఏం చేశారో చదివాను, రాయను. వాళ్ళమ్మ ఆ రోజుల్లో అన్నం ముద్ద ఎలా దిగమింగిందో అన్నదే నా ఆలోచనంతా.

అన్నట్టు, పద్మత్త వాళ్ళ కిరణ్ మొన్న ఒక ఫోటో చూపించాడు. ఎవరో పెట్టారట. మీ సావో పాలోలో ఎర్ర స్తంభాల మ్యూజియం ముందు బోలెడు జనం, జెండాలు. మధ్యలో ఒక పసుపు చున్నీ, ఆకుపచ్చ అంచుది. మొహం కనపడలేదు. కిరణ్ గాడికి కళ్ళజోడు మార్చాలని నేనే అన్నాను. ఆదివారాలు ఆ పావులిస్తా రోడ్డులో కార్లు ఆపేసి జనాన్ని తిరగనిస్తారని నువ్వే చెప్పావు. షికారుకి వెళ్ళి ఉంటావు. అసలు అలాంటి చున్నీలు ఉప్పాడలో ఒక్కటే నేశారా ఏంటి.

రాజకీయాల్లోకి నటులు రావడం మనకేం కొత్త? 1982లో ఖాకీ డ్రస్సు వేసుకుని వ్యానెక్కిన పెద్దాయన ఎవరో నీకు చెప్పక్కర్లేదు. నాకప్పుడు పదిహేనేళ్ళు. సాయంత్రం ఆరింటికి వ్యాను జగ్గంపేట రోడ్డు మీదకి వస్తుందన్నారు. తాతయ్య కరణం, ఆపైన అవతలి పార్టీ మనిషి. వెళ్తామంటే కాళ్ళు విరగ్గొడతాడు. గుడికని చెప్పి నేనూ లక్ష్మి పిన్నీ బయల్దేరాం. నిజమనిపించాలని హారతి పళ్ళెం కూడా పట్టుకెళ్ళాం. ఆరైంది, తొమ్మిదైంది, పన్నెండైంది. జనం తువ్వాళ్ళు పరుచుకుని రోడ్డు వారనే పడుకున్నారు. ఎవరో మరమరాల పొట్లం ఇస్తే అదే భోజనం. పిన్ని నిద్రలో కల్వర్టు మీంచి జారి ఓణీ చింపుకుంది. మూడు దాటాక లైట్లు కనిపించాయి. వ్యాను మీద ఆయన నిలబడి ఏదో చెప్పాడు, ఆ ఈలల్లో ఒక్క ముక్క వినపడలేదు. ఈలోగా ఒకావిడ నా చేతిలో పళ్ళెం లాక్కుని, కర్పూరం వెలిగించి ఆయనకే హారతిచ్చేసింది. వ్యాను కదిలింది, జనం కదిలారు, పళ్ళెం ఎటు పోయిందో పోయింది. అమ్మమ్మ పుట్టింటి వెండి పళ్ళెం! ఇంటికొస్తే తాతయ్య అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. "దేవుడు ఇప్పుడు లేచాడా?" అన్నాడంతే. గెలిచాక ఆ పెద్దాయనే 1984లో కరణాల ఉద్యోగాలు రద్దు చేశాడు. అడంగళ్ళన్నీ ఎర్రగుడ్డలో మూటగట్టి అప్పజెప్పి వచ్చాడు. సిరాబుడ్డి గూట్లో పెట్టి, "అమ్మాయ్, నీ పళ్ళెం ఖరీదు ఇప్పుడు తేలింది" అన్నాడు. వంశం పేరుతో ఉద్యోగాలు పోవడం మంచిదేనని తర్వాత క్లాసులో నేనే పాఠం చెప్పాననుకో. తాతయ్య వినేలా మాత్రం ఎప్పుడూ అనలేదు.

ఇదంతా ఎందుకు మొదలుపెట్టానబ్బా. ఆఁ, అదే 1982 నవంబర్‌లో బేచి ఎంపీగా గెలిచింది. తర్వాత ప్రెసిడెంటైన లూలా వాళ్ళ కార్మికుల పార్టీ, మొత్తం 8 సీట్లు వచ్చాయి. ప్రెసిడెంటుని మేమే ఎన్నుకుంటామని దేశమంతా రోడ్డెక్కినా ఆ సవరణ 1984లో వీగిపోయింది. ఎంపీలూ వాళ్ళూ కూర్చుని ఎన్నుకునే పద్ధతే మిగిలింది. ఆ తంతుకి మనం పోవద్దంది పార్టీ. ఈవిడా ఇంకో ఇద్దరూ వినకుండా వెళ్ళి, సైన్యం పక్షం మనిషికి ఎదురు నిలబడ్డ టాంక్రెదో నెవిస్‌కి ఓటేశారు. పార్టీలోంచి బయటికి రావాల్సొచ్చింది. జైలుకెళ్ళొచ్చిన మనిషికి కూడా సొంతవాళ్ళ దగ్గర దక్కింది అదీ. ఇది నీకోసం కాదు, ఊరికే చెబుతున్నా.

1985 ఆగస్టులో ప్రెసిడెంట్ సార్నే వెంట ఉరుగ్వే వెళ్తే, అక్కడ బ్రెజిల్ ఎంబసీలో మిలిటరీ అధికారిగా కర్నల్ ఉస్త్రా ఎదురొచ్చాడు. తనని హింసించిన చోటికి అధికారి అతనే. గుర్తుపట్టింది. అరవలేదు, తిరిగొచ్చి ప్రెసిడెంటుకి ఉత్తరం రాసింది. అతను కాదంటూ ఏకంగా పుస్తకమే రాశాడు. 2008లో కోర్టు హింసించినవాడేనని తేల్చింది గానీ, 1979 క్షమాభిక్ష చట్టం ఉండటంతో శిక్ష పడకుండానే 2015లో పోయాడు. చూడు, ఉత్తరానికి అవతల కర్నల్ కూడా జవాబు రాసుకున్నాడు.

రాజకీయాలు వద్దని నేననను. లెక్చరివ్వకూడదని ముందే అనుకున్నా. కానీ నీది వీసా బతుకు. పాస్‌పోర్టు ఇంట్లో పెట్టి జిరాక్స్ పట్టుకుని తిరుగు. గుంపులో ఫోన్ బయటికి తీయకు. పసుపూ ఆకుపచ్చా అక్కడ ఒక పక్షం వాళ్ళ రంగులైపోయాయట, ఎదుటివాళ్ళవి ఎరుపట. నువ్వు ఏ పక్కన నిలబడ్డా పరాయి పిల్లవే కదమ్మా. అసలు నిలబడ్డావో లేదో నాకేం తెలుసు.

ఇక్కడ ముసురు పట్టింది. మీకు జూలైలో చలికాలమేమిటో, స్వెటర్ వేసుకుంటున్నావా? ఆ నల్ల చిక్కుడు గింజలు రాత్రే నానబెట్టు, లేకపోతే గ్యాసు. కర్రపెండలం మన పెద్దాపురం వైపుకి వచ్చింది మీ ఖండం నుంచేనట, సగ్గుబియ్యం ఉప్మా చేసుకోవడానికి ఇంకేం అడ్డం? కారప్పొడి అయిపోయిందా?

చున్నీ విడిగా, చన్నీళ్ళలో ఉతుకు. రంగు దిగుతుంది. ఆ రోజు వేసుకున్నది అదేనా కాదా, ఆ ఒక్క ముక్క రాయి చాలు. మీ నాన్నగారికి చెప్పనులే.

అమ్మ

తా.క. ఆయన పక్కనే కూర్చుని మొత్తం చదివేశారు. స్వెటర్ సంగతి మళ్ళీ రాయమంటున్నారు.