2025–26 వార్షిక నివేదిక: ఇంజను మార్చని ఏడాది

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత ఏడాది సర్వసభ్య సమావేశంలో మనం ఒక తీర్మానం చేసుకున్నాం. మట్టి మైదానం పోటీలకు వాడే మన సంఘం కారు, 1996 మోడల్ మారుతి జెన్‌లో, మారుతి ఎస్టీమ్ కారు పెద్ద ఇంజను పెట్టే సంగతి కార్యవర్గం పరిశీలించాలి, కుదిరితే పని మొదలుపెట్టాలి అని. పరిశీలించాం. మొదలుపెట్టలేదు. ఎందుకు మొదలుపెట్టలేదో, ఆ ఇంజను కోసం పక్కన పెట్టిన డబ్బు దేనికి పోయిందో చెప్పడానికే ఈ నివేదికలో ఎక్కువ చోటు తీసుకుంటున్నాను. మిగతావి రెండేసి ముక్కల్లో ముగిస్తాను.

సభ్యత్వం, సమావేశాలు

నెలకో ఆదివారం ఆటోనగర్ షెడ్డులో కలిశాం. వానల వల్ల ఒకసారి, దసరా వల్ల ఒకసారి కుదరలేదు. కొత్తగా చేరినవాళ్లలో ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలే ఎక్కువ. వచ్చిన మొదటి వారం "టర్బో ఎప్పుడు పెడదాం సార్" అని అడిగారు. రెండో నెలకల్లా కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపే భాగం) విప్పి కడిగి మళ్లీ బిగించేశారు. చందా బకాయి ఉన్నవాళ్లకు కోశాధికారి గారు ఫోన్ చేస్తారు. దయచేసి ఎత్తండి.

ఎస్టీమ్ ఇంజను ఎందుకు వద్దనుకున్నాం

ఆశ పుట్టడంలో తప్పు లేదు. జెన్‌ది 993 సీసీ, ఎస్టీమ్‌ది 1298 సీసీ, రెండూ సుజుకి జీ కుటుంబానివే. బోరు (సిలిండరు వ్యాసం) 72 నుంచి 74 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, అంతే. అసలు తేడా స్ట్రోకులో (పిస్టన్ కదిలే దూరంలో) ఉంది: 61 మిల్లీమీటర్లు కాస్తా 75.5 అవుతుంది. మన కార్బురేటర్ జెన్ 50 హార్స్‌పవర్ దగ్గర ఆగితే, తర్వాతి రోజుల ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్షన్‌తో పెట్రోలు పంపే) ఎస్టీమ్ 85 ఇచ్చేది. ఏడు వందల కిలోల కారుకు అది చిన్న తేడా కాదు. పాత ఇనుము అంగళ్లలో ఇంజను దొరకడమూ కష్టం కాదు. ఒకటి బేరం దాకా వెళ్లి, ఆయిల్ చాంబర్ విప్పి చూసి వెనక్కొచ్చాం. అడుగున బేరింగు పొడి మెరుస్తోంది.

అసలు చిక్కు అది కాదు. మనం ఆడేది ఆటోక్రాస్. మట్టి మైదానంలో వేసిన మెలికల దారిలో గడియారంతో పోటీ. అక్కడ తరగతులు సీసీని బట్టి ఉంటాయి. 1298 పెట్టిన రోజునే మన జెన్ పై తరగతిలోకి పోతుంది, అక్కడున్నవాళ్లు పదేళ్లుగా ఆ ఇంజన్లతోనే తిరుగుతున్నవాళ్లు. చిన్న చెరువులో పెద్ద చేపగా ఉండటం మానేసి కృష్ణలో దూకినట్టు. పైగా ఆ ఇంజనుకు తగ్గ బ్రేకులు, క్లచ్చు, యాక్సిల్ షాఫ్టులు అన్నీ మార్చాలి. ఇంజను ఖర్చు అందులో మొదటి మెట్టే.

చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఇంజను మార్చాలంటే ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. "లారీ మీదే కదా మైదానానికి తీసుకెళ్తాం, ఆర్‌సీతో మనకేం పని" అని ఒక సభ్యుడు అడిగారు. ప్రశ్న సరైనదే. దానికి జవాబు ఈ ఏడాది తేల్చుకోక తప్పదు, చివర్లో చెబుతాను.

993 తోనే ఏం చేశాం

ముందు హెడ్డు (సిలిండర్ల పైమూత) విప్పాం. అల్యూమినియం హెడ్డు కాబట్టి స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూస్తే మధ్యలో వంపు కనిపించింది. ఎప్పుడో ఎవరో ఇంజను వేడెక్కించిన పాపం. లేత్ మేస్త్రీ పలచగా ఫేసింగ్ చేశారు, అంటే అడుగు గీకి సమం చేశారు. ఆ తర్వాత కుర్రాళ్లతో హెడ్డులో పెట్రోలు కాలే గుంటలను, ఒక్కో చాంబర్‌ను బ్యూరెట్టుతో కొలిపించాం. పైన పెర్‌స్పెక్స్ ముక్క మూసి, చిన్న బెజ్జంలోంచి పారాఫిన్ ఆయిల్ వదిలి ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోవడం. నాలుగింటిలో ఒకటి తేడాగా వచ్చింది. దాన్ని మిగతా మూడింటితో సమానం చేయడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ సాయంత్రమే సంఘానికి ఈ ఏడాది మంచి రోజు అని నా అభిప్రాయం. టీ మూడుసార్లు వచ్చింది.

లెక్క తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఒక్కో సిలిండరు ఘనపరిమాణం 248.3 సీసీ. కంప్రెషన్ (లోపలి గాలి, పెట్రోలు ఎన్నో వంతుకు నలుగుతాయో చెప్పే నిష్పత్తి) తొమ్మిదికి ఒకటి ఉందనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 31 సీసీ. 72 మిల్లీమీటర్ల బోరు మీద హెడ్ ప్యాకింగ్ మందం అర మిల్లీమీటరు తగ్గితే దాదాపు 2 సీసీ పోతుంది, కంప్రెషన్ 9.5 దాటుతుంది. అర మిల్లీమీటరే. అందుకే "ఇంకొంచెం గీకేద్దాం" అన్న ప్రతిసారీ మేస్త్రీ కాగితం, పెన్ను మన చేతిలో పెట్టారు. బంకులో దొరికే మామూలు పెట్రోలు ఆక్టేను (ముందే అంటుకోకుండా ఒత్తిడి తట్టుకునే గుణం) కొంతవరకే. కంప్రెషన్ పెంచుకుంటూ పోతే టైమింగ్ (ప్లగ్గు నిప్పురవ్వ పడే క్షణం) వెనక్కి తేవాలి, లేదా ఎక్కువ ఆక్టేను పెట్రోలు కొనాలి. లేకపోతే మిట్ట ఎక్కడానికి గేరు వేసినప్పుడల్లా ఇంజనులో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు.

ఇంజను వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు పోనివ్వని థర్మోస్టాట్ వాల్వు గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మన ఎండలకు దాన్ని పీకేయడం ఆటోనగర్‌లో పాత అలవాటు. మన జెన్‌లోనూ ఎవరో పీకేశారు. అది లేకపోతే ఇంజను ఎప్పుడూ తగినంత వేడెక్కదు, పెట్రోలు తాగుతుంది, సిలిండర్లు తొందరగా అరుగుతాయి. కొత్తది కొని బిగించాం. రోహిణీ కార్తెలో కూడా వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలబడింది. అసలు కావలసింది శుభ్రమైన రేడియేటరు, పనిచేసే ఫ్యాను.

పెట్రోలు చేసిన పని

ఈ ఏడాది మనల్ని ఓడించింది ఇంజను కాదు, పెట్రోలు.

వానాకాలం మూడు నెలలూ కారు షెడ్డులోనే ఉంది, టాంకులో సగం పెట్రోలుతో. అది మన తప్పే. ఇప్పుడు బంకులో వస్తున్నది ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్. ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది. తేమ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి టాంకు అడుగుకు దిగుతాయి. పంపు పీల్చేది అడుగునుంచే. ఆటోక్రాస్ రోజు రెండో రౌండులో మూడో మలుపు దగ్గర ఇంజను దగ్గి ఆగిపోయింది. షెడ్డుకు తెచ్చి కార్బురేటర్ విప్పితే మెయిన్ జెట్టులో (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలో) తెల్లటి పొరలు, కప్పులో నీటి చుక్కలు. పాత రబ్బరు పైపు లోపలి పొర ఉబ్బి ఊడి ఫిల్టరుకు అడ్డం పడింది. 1996లో ఆ పైపు వేసినవాళ్లు ఈ20 గురించి ఎందుకు ఆలోచిస్తారు?

అప్పుడు చేసినవి: టాంకు దించి కడిగించాం. ఇథనాల్ తట్టుకునే పైపులు, కొత్త ఫిల్టరు వేశాం. పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ ప్యాకింగులు మార్చాం. ఆ తర్వాత జెట్టు పెద్దది చేశాం. ఇది చాలామంది వదిలేసే పని. మామూలు పెట్రోలు ఒక కిలో కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి దాదాపు 13.5 చాలు. అంటే అదే గాలికి పెట్రోలు రమారమి తొమ్మిది శాతం ఎక్కువ పోవాలి. జెట్టు వైశాల్యం అంత పెరగాలి, వ్యాసం అయితే నాలుగైదు శాతం పెరిగితే సరిపోతుంది. ఇంజెక్షన్ కార్లలో ఆక్సిజన్ సెన్సరు ఈ సర్దుబాటు చాలావరకు తనే చేసుకుంటుంది. కార్బురేటరుకు ఆ బుద్ధి లేదు, మనమే చేయాలి. పాత జెట్టుతో పెట్రోలు చాలక ప్లగ్గులు తెల్లగా సున్నం పూసినట్టు వచ్చేవి. ఇప్పుడు కాఫీ పొడి రంగులో వస్తున్నాయి.

ఇకమీద పోటీ అయిన రోజే టాంకు ఖాళీ చేయాలని కార్యవర్గం నిర్ణయించింది. తీసిన పెట్రోలు ఎవరి బండిలో పోయాలన్నదాని మీద ఒక సమావేశమంతా వాదన జరిగింది, అది ఇక్కడ రాయను.

బరువు, టైర్లు, కాటా

వెనక సీటు, కార్పెట్లు, తలుపుల లోపలి పలకలు తీసేశాం. తూకానికి వేబ్రిడ్జి పనికిరాలేదు, అది మొత్తం మాత్రమే చెబుతుంది. మనకు కావలసింది ఒక్కో చక్రం మీద ఎంత బరువుందో. మన సభ్యుల్లో ఒకరికి రైసు మిల్లు ఉంది. బస్తాలు తూచే ప్లాట్‌ఫాం కాటాలు నాలుగు ఒకేసారి అక్కడే దొరికాయి. సమంగా ఉన్న గచ్చు మీద నాలుగు చక్రాల కింద నాలుగూ పెట్టి, డ్రైవరును లోపల కూర్చోబెట్టి తూచాం. మిల్లు హమాలీలు నవ్వి నవ్వి చచ్చారు. కుడి ముందు చక్రం మీద ఎక్కువ, ఎడమ వెనక మీద బాగా తక్కువ. ముందు చక్రాలు లాగే కారులో డ్రైవరు కుడివైపు కూర్చుంటే అంతే. బ్యాటరీని డిక్కీలో ఎడమవైపుకు మార్చాం, మూత ఉన్న పెట్టెలో పెట్టి బయట కట్-ఆఫ్ స్విచ్చు బిగించాం. ఖర్చు కేబులు డబ్బులే. కుడి మలుపుల్లో కారు ముక్కు లోపలికి తిరగడం ఆ రోజు నుంచే మొదలైంది.

టైర్ల విషయంలో నా అంచనా తప్పింది, ఒప్పుకుంటున్నాను. వెడల్పు టైరైతే పట్టు ఎక్కువుంటుందని 165 మిల్లీమీటర్లవి వేయించాను. వదులు మట్టి మీద అవి పైపైన తేలాయి. కంపెనీ ఇచ్చిన 145 సైజుకే తిరిగొచ్చి, లోతు పళ్లున్నవి వేస్తే మట్టిని కోసుకుని కింది గట్టి నేలను పట్టుకున్నాయి. ఆ 165లు షెడ్డులో ఉన్నాయి. ఎవరికైనా కావాలంటే చెప్పండి.

స్ప్రింగులు కోయించలేదు. ఒకటి రెండు చుట్లు కోస్తే స్ప్రింగు గట్టిపడే మాట నిజమే, ఆరు చుట్లలో ఒకటి పోతే ఇరవై శాతం. కానీ చక్రం గాలిలో వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు గూట్లోంచి జారిపోతుంది. మన మైదానంలో చక్రాలు గాలిలోనే ఎక్కువసేపుంటాయి. కింద ఆయిల్ చాంబరుకు ఇనుప రేకు రక్షణ మాత్రం వేయించాం.

కేజి

ఎస్టీమ్ ఇంజను కోసం దాచిన డబ్బులో పెద్ద భాగం కేజికే, అంటే కారు బోల్తా పడినా డ్రైవరు నలగకుండా లోపల బిగించే గొట్టాల చట్రానికే పోయింది. కార్యవర్గంలో ఒక్కరు తప్ప అందరూ ఒప్పుకున్నారు. మొదట అడిగిన చోట ఇళ్ల గేట్లకు వాడే జీఐ పైపుతో సగం ధరకే చేస్తామన్నారు. దండం పెట్టి వచ్చేశాం. ఎఫ్ఐఏ (ప్రపంచ మోటారు క్రీడల సంస్థ) నిబంధన ప్రకారం అతుకు లేని కోల్డ్-డ్రాన్ కార్బన్ స్టీలు గొట్టం కావాలి. సీటు వెనక ప్రధాన కమాను 45 మిల్లీమీటర్లు, మందం 2.5, లేదా 50 మిల్లీమీటర్లు, మందం 2. మిగతా గొట్టాలు 38కి 2.5, లేదా 40కి 2. కాళ్ల కింద ప్లేట్లు వేసి బాడీకి బోల్టులతో బిగించాలి, పలచటి రేకుకు నేరుగా వెల్డింగ్ చేస్తే లాభం లేదు. మనం 45ది తీసుకున్నాం. తల తగిలే చోటల్లా ప్యాడింగ్ వేశాం. హెల్మెట్ లేకుండా ఆ కేజి లోపల కూర్చోవద్దు, షెడ్డులో ఫొటో కోసమైనా సరే. సీటు బెల్టుల మీద గడువు లేబులు ఉంటుంది, మన పాతవాటికి అది దాటిపోయి ఎవరూ చూడలేదు. కొత్తవి కొన్నాం.

పోటీలు, యాత్ర

రెండు ఆటోక్రాస్‌లలో దిగాం. మొదటిదాంట్లో ఏమైందో పైన చెప్పాను. రెండోదాంట్లో 1100 లోపు తరగతిలో నాలుగో స్థానం. మూడో స్థానానికీ మనకూ మధ్య తేడా దారి గుర్తుకు పెట్టిన ఒక కోను. మనం తన్నేశాం, జరిమానా సెకన్లు కలిశాయి.

డిసెంబరులో పదకొండు మందిమి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకుకు వెళ్లి రేసులు చూసి వచ్చాం. 3.717 కిలోమీటర్ల ట్రాకు అది. మారుతి 800 ఇంజనుతో నడిచిన ఫార్ములా మారుతి కార్లు ఒకప్పుడు తిరిగింది అక్కడే. 2005లో ఫార్ములా వన్‌లోకి వెళ్లిన తొలి భారతీయుడు నరైన్ కార్తికేయన్ మొదలుపెట్టిందీ ఆ ఫార్ములా మారుతిలోనే. 796 సీసీ, మూడు సిలిండర్లు. తిరుగు రైల్లో ఎస్టీమ్ ఇంజను ఊసు ఎవరూ ఎత్తలేదు.

లెక్కలు, రాబోయే సమావేశం

ఆడిట్ అయిన జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డు మీద ఉంది. పెద్ద ఖర్చులు కేజి, బెల్టులు, పెట్రోలు వ్యవస్థ మరమ్మతు, లారీ అద్దె. నిల్వ తగ్గింది, అప్పు లేదు.

మన జెన్ ఆర్‌సీ గడువు ఈ డిసెంబరుతో తీరుతుంది. ఇరవై ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ రుసుము 2025 ఆగస్టులో 5,000 నుంచి 10,000 రూపాయలకు పెరిగింది. పైగా ఫిట్‌నెస్ చూపించాలంటే కేజి విప్పి, వెనక సీటు బిగించి తీసుకెళ్లాలి. లేదా రిజిస్ట్రేషన్ వదులుకుని మైదానానికి మాత్రమే ఉంచుకోవాలి, అప్పుడు అది మళ్లీ రోడ్డెక్కదు. కార్యవర్గంలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. నేను వదులుకునే పక్షం. ఓటింగుకు పెడుతున్నాం, సభ్యులంతా రావాలి.

చివరగా, సంఘం టార్కు రెంచి ఉగాది నుంచి కనిపించడం లేదు. తీసుకెళ్లినవారు పేరు చెప్పకుండానైనా షెడ్డు బల్ల మీద పెట్టి వెళ్లండి. వచ్చే ఆదివారం హెడ్డు బోల్టులు మళ్లీ బిగించాలి.

ఇట్లు,
కార్యదర్శి