మా నాన్నగారి కోసం నిలబడ్డ అందరికీ

సోమవారం తెల్లవారుజామున నాన్నగారు ప్రభువులో నిద్రించారు. నిన్న పర్లాకిమిడిలో భూస్థాపన అయింది. ఇంకా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే ఏమీ అనుకోకండి.

నాన్నది మద్రాస్ సాపర్స్, అంటే సైన్యంలో ఇంజనీర్ల దళం. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధంలో బసంతర్ నది దగ్గర మందుపాతరలు తీసి ట్యాంకులకి దారి చేసిన వాళ్లలో ఒకరు. పని పూర్తి కాకముందే పూనా హార్స్ అనే మన ట్యాంకు దళం దాటేసిందని చెప్పేటప్పుడు ఈ వయసులోనూ మంచం మీద లేచి కూర్చునేవారు. ఆ యుద్ధంలో పశ్చిమ సరిహద్దున పనిచేసినందుకు ఇచ్చిన పశ్చిమీ స్టార్ పతకం, అమ్మ జపమాల ఒకే డబ్బాలో పెట్టుకున్నారు. గడ్డం గీసుకోకుండా ఆదివారం పూజకి వెళ్లడం నేనెప్పుడూ చూడలేదు.

బరంపురం ఆసుపత్రిలో ఆ గడ్డం బాగా పెరిగిపోయింది. మాకెవరికీ ఆ ధ్యాసే లేదు. అవస్థ అభ్యంగనం (జబ్బుతో ఉన్నవాళ్లకి నూనె పూసి చేసే ప్రార్థన) ఇవ్వడానికి ఫాదర్ గారు వస్తున్నారని ఫోన్‌లో మాట్లాడుతుంటే పక్క బెడ్ పెద్దాయన కొడుకు విన్నట్టున్నారు. ఒడియా ఆయన, తెలుగు ముక్క రాదు. కిందకి వెళ్లి ఒక రేజరు, చిన్న సబ్బు కొనుక్కొచ్చారు. “ఫౌజీ మౌసా” (మిలటరీ బాబాయ్) అంటూ నాన్న బుగ్గల మీద తడి చేసి, సబ్బు రాసి, ఆక్సిజన్ గొట్టం ఒక వేలితో పక్కకి పట్టుకుని మెల్లగా గీశారు. రెండ్రోజులుగా పిలిచినా పలకని మనిషి, రేజరు తగలగానే గడ్డం పైకెత్తారు! అంతే, నేను వరండాలోకి పరిగెత్తి గోడకి తల ఆనించి ఏడ్చేశాను. డబ్బులివ్వబోతే ఆయన చేతులు వెనక్కి పెట్టేసుకున్నారు. పేరు రాయొద్దన్నారు. బాబూ, మీ నాన్నగారు త్వరగా కోలుకోవాలని రోజూ ప్రార్థిస్తున్నాను. ఒడియా వచ్చిన వాళ్లెవరైనా ఇది ఆయనకి చదివి చెప్పగలిగితే బాగుండు.

అన్నయ్య, వదిన, పిల్లలు రాత్రీ పగలూ ఉన్నారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ముందు తీసుకెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో మాజీ సైనికుల కార్డు చూపిస్తే, రిఫరల్ చీటీ ఏదన్నారు. ఆదివారం చీటీ ఎవరిస్తారండీ? సర్వీసు కాగితాల్లో పేరు ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు ఉందని ఇంకాస్త నిలబెట్టారు. మందుపాతరలు తీయడానికి పంపినప్పుడు ఎవరూ స్పెల్లింగు చూడలేదు. రేపు అమ్మ ఫ్యామిలీ పెన్షన్‌కి మళ్లీ ఇదే తిప్పుతారేమోనని ఇప్పటి నుంచే టెన్షన్.

వర్షంలోనూ వచ్చి సెల్యూట్ చేసిన మాజీ సైనికులకి, మా విచారణ గురువులకి (మా చర్చి ఫాదర్ గారికి), సిస్టర్స్‌కి, పాటల బృందానికి వందనాలు. పలాస మీదుగా రాత్రంతా బండి నడిపి మమ్మల్ని ఇంటికి చేర్చిన డ్రైవర్ అన్నకి కూడా, టీ తాగమన్నా ఆగలేదు.

అయ్యో, పాతపట్నం నుంచి ఐస్ బాక్స్ పంపిన బాబాయిగారిని మర్చిపోయాను. వీధిలో అందరికీ భోజనాలు వండిన ఎదురింటి పిన్నిని కూడా. పిన్నీ, నీ పెద్ద గిన్నెలు రెండు మా ఇంట్లోనే ఉన్నాయి, తోమించి సాయంత్రం పంపిస్తాను.