తుక్కు అంటారా?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ పత్రికలో మన బెంగళూరు కుర్రాడొకడు రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల ముక్కలు పోగేస్తున్నాడని ఫొటోతో సహా వేశారు. సంతోషం. కానీ ‘తుక్కు పిచ్చోడు’ అని హెడ్డింగు పెట్టిందెవరండీ? నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక నావల్ల కాలేదు.

యుద్ధకాలంలో ఇక్కడి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ అమెరికా సైన్యం చేతిలో ఉండేది. డకోటా, కెటాలినా విమానాలు ఇక్కడే విప్పి బిగించేవారు. మా నాన్న అక్కడ ఫిట్టర్. యుద్ధమయ్యాక తెల్లవాళ్లు ఎవరికీ పనికిరాకుండా పాడుచేసి కాన్పూర్‌లో వదిలేసిన లిబరేటర్ బాంబర్లను మన ఫ్యాక్టరీవాళ్లు ఎగరగలిగేంత వరకు అతుకులేస్తే, జంషెడ్ మున్షీ అనే పైలట్ వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరు తోలుకొచ్చాడు. ఒకటీ రెండూ కాదు, 40కి పైగా! 1968 దాకా మన వాయుసేనకు పనిచేశాయి. ఆ తర్వాత లండన్, ఆరిజోనా, కెనడా మ్యూజియాల వాళ్లు తలా ఒకటి పట్టుకెళ్లి అపురూపంగా దాచుకున్నారు. మనకు ఢిల్లీ పాలంలో ఒకటుంది. మిగతావాటిలో ఎన్ని గిన్నెలూ గరిటెలూ అయ్యాయో!

నాన్న వేలంలో కొన్న ఆల్టిమీటర్, అంటే విమానం ఎంత ఎత్తులో ఉందో చూపే మీటరు, ఒకటి మా ఇంట్లో ఉంది. ఊరికే ఇచ్చేద్దామని ఒక ప్రభుత్వ కార్యాలయానికి మూడుసార్లు తిరిగాను. మొదటిసారి రసీదు ఏదన్నారు. డెబ్బై ఏళ్ల కిందటి రసీదు! రెండోసారి సారు సీట్లో లేరు. మూడోసారి, ‘ఇదంతా ఫైలు పెట్టాలి పెద్దాయనా, గుజిరీలో వేసుకోండి, మంచి రేటొస్తుంది’ అని సలహా. 1971 యుద్ధం చేసిన విక్రాంత్ నౌకనే కోయించి, ఆ లోహం మోటారు సైకిళ్లలో కలుపుకున్న వాళ్లం, నా మీటరు ఏపాటిది? చెరువు కనిపిస్తే లేఔటు, పాత బంగళా కనిపిస్తే అపార్ట్‌మెంటు. మన అధికారులకు తూకం తప్ప ఇంకో కొలత తెలీదు.

ముక్క మీద నంబరు రేకు ఉంటే అది ఏ విమానానిదో పట్టుకోవచ్చు. రేకు ఊడితే వట్టి అల్యూమినియం. మీ ఫొటోలో ఆ కుర్రాడు రేకులన్నీ విడిగా డబ్బాలో పెట్టుకున్నాడు, మీ విలేకరికి కనబడలేదు. పాత విమానాల తుక్కు వేలానికి ముందు ఆ రేకులున్న ముక్కల్ని పక్కన పెట్టించడానికి ఒక్క సర్క్యులర్ చాలదా?

నా మీటరు అతనికే ఇస్తాను, కబురు చెప్పండి. రసీదు అడగడనుకుంటాను. ముల్లు మీద రేడియం పూత ఉంది, స్టిక్కర్ల రేడియం కాదు, రేడియేషన్ వచ్చే అసలు రేడియం. గాజు మాత్రం విప్పొద్దనండి. ఇంట్లో పిల్లలుంటే మరీను.

– ఒక ఫిట్టర్ కొడుకు, విమానపుర, బెంగళూరు