త్సు మెరి పలికింది, మీ అందరికీ కృతజ్ఞతలు

పోయిన ఆదివారం క్యోటోలో, మా సెన్సెయ్ (గురువుగారు) ఇంట్లో, పదిహేను మంది ముందు కూర్చుని షకుహచి మీద ఒక చిన్న హోన్‌క్యోకు (ఈ వాద్యానికే ఉన్న పాత బాణీ) చివరిదాకా వాయించాను. మూడేళ్లుగా చేతికి చిక్కని 'త్సు మెరి' అనే స్వరం ఆ రోజు నిలిచింది. దాని వెనక ఎంతమంది ఉన్నారో చెప్పుకోవాలని రాస్తున్నాను.

షకుహచి నిలువుగా పట్టుకుని ఊదే జపాన్ వెదురు వేణువు. మామూలుగా వాడేది పాత జపాన్ కొలతల్లో ఒక షకు ఎనిమిది సున్‌ల పొడవు, అంటే దాదాపు 54.5 సెంటీమీటర్లు. పేరు కూడా ఆ కొలతే. ముందు నాలుగు రంధ్రాలు, వెనక ఒకటి. అన్నీ మూస్తే 'రో', తర్వాత వరసగా త్సు, రె, చి, రి.

గడ్డం దించితే శ్రుతి దిగుతుంది, అది మెరి. ఎత్తితే పెరుగుతుంది, అది కరి. నా ఇబ్బందంతా త్సు మెరి దగ్గరే, అంటే త్సును అలా దించి పలికించడం దగ్గరే. తెనాలిలో చిన్నప్పుడు పుల్లనగ్రోవి నేర్చుకున్నాను కాబట్టి గమకమంటే నాకు వేళ్ల పని. రంధ్రాన్ని సగం మూసేవాణ్ణి, శ్రుతి సగంలోనే ఆగేది. ఇంకా దించాలని పెదవులు బిగిస్తే నాదం పోయి గాలి మిగిలేది.

సెన్సెయ్ ఒకరోజు లేచి వచ్చి నా మెడ వెనక అరచెయ్యి పెట్టారు. "పెదవులు కాదు, ఇక్కణ్ణుంచి వంగు. నీ మోకాలు చూడు" అన్నారు. ఊపిరి మాత్రం తగ్గించొద్దన్నారు. మెరి అంటే చిన్న స్వరం కాదు, చీకటి స్వరం అని ఆయన చెప్పిన మాట నాకు ఏ పాఠం కంటే ఎక్కువ పనికొచ్చింది. తల ఊపడం రావడానికే మూడేళ్లు పడుతుందని ఇక్కడ సామెత. నాకు సరిగ్గా అంతే పట్టింది. సెన్సెయ్ ఆ మాట చెప్పినప్పటినుంచి రోజూ పొద్దున్నే పది నిమిషాలు ఒక్క 'రో' మాత్రమే ఊదుతున్నాను. దీన్ని రోబుకి అంటారు. మెరి బాగుపడటానికి రో ఎందుకా అనిపించింది కానీ, అడుగు స్వరం నిండితేనే పైవన్నీ నిలుస్తాయని నెలలోనే అర్థమైంది.

తాళం వదలడం ఇంకా కష్టమైంది. హోన్‌క్యోకులో లెక్క లేదు, ఒక ఊపిరి ఎంతో ఒక పలుకు అంతే. తుత్తుకారం (నాలుకతో స్వరాన్ని విడగొట్టడం) కూడా లేదు, ఒకే స్వరం మళ్లీ రావాలంటే వేలితో తట్టాలి. నేను లోలోపల ఆది తాళం లెక్కపెడుతున్నానని సెన్సెయ్ కనిపెట్టి, తోఫుకుజి ఆలయ ఆవరణలో ఉన్న మ్యోఅంజి అనే గుడికి తీసుకెళ్లారు. ముఖమంతా కప్పే బుట్టలాంటి టోపీ పెట్టుకుని, ఇది ఊదుతూ భిక్షకు తిరిగిన కొముసో సన్యాసుల గురించి అక్కడ చెప్పారు. ఫుకె అనే వాళ్ల జెన్ బౌద్ధ శాఖను 1871లో మేజీ ప్రభుత్వం రద్దు చేసింది. వాళ్లకిది కచేరీ కాదు, ఊపిరితో చేసే ధ్యానం. ఆ సాయంత్రం తర్వాత నేను స్వరాల మధ్య నిశ్శబ్దాన్ని తొందరపెట్టడం మానేశాను.

జనవరిలో హీటర్ వేడికి నా వేణువు నిలువునా పగిలింది. ఎంత టెన్షన్ పడ్డానో! మా క్లాసులో అందరికంటే పెద్దావిడ, డెబ్బై ఆరేళ్ల ఆవిడ, మారు మాట లేకుండా తన రెండో వేణువు నా చేతిలో పెట్టారు. రెండు నెలలు అదే వాయించాను. పగులు చుట్టూ సన్నని గాడులు తీసి, వాటిలో దారం బిగించి బాగుచేసిన పెద్దాయన కూలి సగమే తీసుకున్నారు. వాయించాక లోపల తుడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టమని నేర్పిందీ ఆయనే. ఇద్దరికీ చేతులెత్తి నమస్కారం.

ఇక తెనాలి మాస్టారు గారికి. ఫోన్లో ఆ అయిదు స్వరాలు వినిపించగానే "ఇది శుద్ధ ధన్యాసి రాగం కదరా" అన్నారు మీరు. రో షడ్జమైతే నిజంగా అంతే. త్సు మెరి అందులో లేని శుద్ధ రిషభం, అందుకే నీ చెవి ఒప్పుకోవట్లేదని కూడా మీరే చెప్పారు. ఆ మాటతో ఆ స్వరాన్ని ముందు గొంతుతో పాడి, తర్వాత ఊదడం మొదలుపెట్టాను. ఆదివారం రికార్డింగ్ మీ మనవడికి పంపించాను మాస్టారూ. రెండో నిమిషం దగ్గర వినండి.