గాయపడిన సైనికుడి పరిహారం గురించి రక్షణ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి,

2008 నాటి నిబంధనల స్థానంలో 2023 సెప్టెంబరు 21న అమల్లోకి వచ్చిన వైకల్య పరిహార నిబంధనలు, గాయంతోనే సర్వీసులో కొనసాగేవారికి ఇచ్చే మొత్తాన్ని 'ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్' అన్నాయి. పేరుతో నాకు పేచీ లేదు; గాయానికి సర్వీసుతో సంబంధం లేదని కారణం చెప్పకుండా తేల్చేయడంతోనే పేచీ.

నియామక సమయంలో నమోదు కాని జబ్బు తర్వాత బయటపడితే అది సర్వీసు వల్ల వచ్చినదిగానే భావించాలనీ, కాదని నిరూపించే భారం ప్రభుత్వానిదేననీ ధరంవీర్ సింగ్ కేసులో 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా నా మెడికల్ బోర్డు పత్రంలో 'సర్వీసుతో సంబంధం లేదు' అన్న గడిలో ఒక టిక్కు ఉంది తప్ప, ఎందుకు లేదో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. పదహారేళ్లు మంచుకొండలెక్కి దిగిన మోకాళ్ల మీద తీర్పు అది.

నాలుగేళ్ల సర్వీసుకు సైన్యంలో చేరే అగ్నివీరుల సంగతి ఇంకా కష్టం. సర్వీసు వల్ల వైకల్యం వస్తే 100 శాతానికి 44 లక్షలు, 75కు 25 లక్షలు, 50కి 15 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా ఒక్కసారి చెల్లిస్తున్నారు. అదే పేలుడులో పక్కనే పడిపోయిన రెగ్యులర్ జవానుకు మాత్రం జీవితాంతం పింఛను అందుతుంది.

బోర్డు తన కారణాలను రాతపూర్వకంగా ఇచ్చి తీరాలనీ, అగ్నివీరులకూ నెలవారీ వైకల్య పింఛను వర్తించాలనీ పార్లమెంటులో చట్టం తీసుకురావలసిందిగా కోరుతున్నాను. శాఖాపరమైన ఉత్తర్వులైతే మరో ఉత్తర్వుతో మారిపోతాయి.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు